నాలుగో మూల

లాల్ అహమ్మద్‌కు కోపం ముక్కు మీదే ఉంటుందని కంబదూరు చుట్టుపక్కల అందరికీ తెలుసు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక ఆ కోపం మరికాస్త పైకెక్కింది. కూరలో ఉప్పు తగ్గినా కోపమే, ఎక్కువైనా కోపమే, సరిగ్గా సరిపోతే ఆ రోజు ఇంకెందుకో కోపం. కోడలు అనీసా పన్నెండేళ్లుగా ఆ కోపాన్ని బయటి ఎండను చూసినట్టే చూస్తూ వచ్చింది. అది ఎలాగూ ఉంటుంది, దానికి ఎదురు నిలబడకుండా మన పని మనం చేసుకోవాలి, అంతే.

కానీ ఆ సోమవారం పొద్దున ఆమె ఎదురు నిలబడింది.

"అచ్చులు ఇచ్చేది లేదు మామా" అంది.

వసారాలో మంచం మీద కూర్చున్న లాల్ అహమ్మద్ చాయ్ గ్లాసు ఎడమచేత్తో కింద పెట్టాడు. "ఏమంటివి?"

"శుక్రవారం ఆ బెంగళూరాయప్ప వస్తే లేవు పో అని చెప్తా అంటాండా."

అచ్చులంటే టేకు చెక్కల్లో చెక్కిన పూలూ తీగలూ. వాటిని రంగులో ముంచి గుడ్డ మీద అద్దడం లాల్ అహమ్మద్ తండ్రి నాటి నుంచీ ఆ ఇంటి పని. దుప్పట్లు అద్దారు, లంగా గుడ్డలు అద్దారు, అన్నిటికన్నా ఎక్కువగా పీర్ల పండగకు దట్టీలు అద్దారు. మొక్కుకున్నవాళ్లు పీరుకు కట్టే గుడ్డే దట్టీ. ఆ ఊళ్లో హిందువులూ ముస్లిములూ తేడా లేకుండా కడతారు. మూడేళ్ల కిందట చెయ్యి పడిపోగానే ఆయన ముందుగది తలుపు మూసేశాడు. ఊరివాళ్లు కల్యాణదుర్గం నుంచి తళతళలాడే శాటిన్ గుడ్డలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు.

పోయిన వారం బెంగళూరు నుంచి ఒకాయన కారులో దిగాడు. హోటల్ గోడలకు అందంగా తగిలించుకుంటాం, అచ్చులన్నీ ఇచ్చెయ్యండి అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఒక జాగ్రత్త కూడా చెప్పాడు. వాటికి నూనె మాత్రం రాయకండి, గోడలకు మరకలవుతాయి అని. లాల్ అహమ్మద్ అన్నిటికీ సరే అన్నాడు.

ఆ 'సరే' విన్నప్పటి నుంచి అనీసాకు అన్నం సయించలేదు. పందొమ్మిదేళ్ల వయసులో ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు ఆమెకు మొదట నచ్చింది మొగుడు కాదు, ముందుగదిలోంచి వినిపించే అచ్చుల చప్పుడు. మొగుడు షఫీవుల్లా కూడా మంచివాడే, ఆటోలో టమోటా లోడ్లు తోలుకుంటాడు. అతను నచ్చడానికి ఇంకో ఆర్నెల్లు పట్టింది. తొమ్మిదేళ్లు ఆమె మామకు కరక్కాయలు దంచింది, రంగు కలిపింది, గుడ్డలు ఆరేసింది. అచ్చు మాత్రం ఆయన ఏనాడూ ఆమె చేతికి ఇవ్వలేదు. ఆమె అడగనూ లేదు. అడగనందుకు ఇప్పుడు తన మీద తనకే మండుకొస్తోంది.

"అద్దే చెయ్యి లేనప్పుడు అచ్చులెందుకుమ్మా? పొయ్యిలో పెట్టేకా?" అన్నాడు లాల్ అహమ్మద్.

"నేను అద్దుతా."

ఆయన నవ్వాడు. కోపం కన్నా ఆ నవ్వే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. "రంగు కలిపినోళ్లంతా అద్దేటోళ్లయితే, ఊరంతా అద్దేటోళ్లే."

అప్పుడే గొర్రెల తిప్పమ్మ వాకిట్లోకి వచ్చింది. పక్క వీధి మనిషి, యాభై గొర్రెల ఆసామి, మాట మొహం మీద కొట్టినట్టే ఉంటుంది. "ఏమన్నా, నా మొక్కు సంగతేమి చేస్తివి? గొర్రెలకు రోగమొచ్చి పడుకున్నప్పుడు, చేత్తో అద్దిన దట్టీ కడతానని పీరుకు మొక్కుకుంటి. గొర్రెలేమో లేసినాయి. ఇప్పుడు శాటిన్ గుడ్డ కట్టి స్వామిని మోసం చెయ్యమంటావా?"

"నేను అద్దుతా తిప్పమ్మక్కా" అంది అనీసా.

"అద్దనీన్నా" అంది తిప్పమ్మ. "చెడిపోతే నా గుడ్డ చెడిపోతాది, నీదేం పోయె?"

ఇద్దరు ఆడవాళ్లూ ఒక పక్కకు చేరాక లాల్ అహమ్మద్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే. ఒక్క దట్టీ అద్దు. అంచు చుట్టూ తీగ రావల్ల. నాలుగు మూలలూ కలవల్ల. కలిస్తే అచ్చులు నీయి. కలవకపోతే శుక్రవారం నువ్వు నోరెత్తకూడదు."

"కలుపుతా" అంది అనీసా.

మూడేళ్ల తర్వాత పని కోసం ముందుగది తలుపు తెరుచుకుంది. గదంతా దుమ్ము. అచ్చుల పెట్టెలో ఇరవై గూళ్లు, పంతొమ్మిదింటిలో అచ్చులు ఉన్నాయి. అన్నిటికన్నా చిన్న గూడు ఖాళీగా ఉంది. మచ్చుకని బెంగళూరాయన పట్టుకుపోయాడేమో అనుకుంది అనీసా. మిగిలిన చెక్కలు ఎండి, తెల్లబారి, చేతికి గరుగ్గా తగిలాయి. వాటిని కొంగుతో తుడిచింది. బల్ల మీద గోనెపట్టా పరిచి, దాని మీద తిప్పమ్మ ఇచ్చిన గొంగడి నాలుగు మడతలు వేసింది. కింద మెత్తగా ఉంటేనే అచ్చు నిండుగా పడుతుంది.

మేకుకు మామ ముడుల తాడు వేలాడుతోంది. ముడికీ ముడికీ మధ్య సరిగ్గా ఒక అచ్చు వెడల్పు. ఎన్ని అచ్చులు పట్టాలో అన్ని ముడులు లెక్కపెట్టి గుడ్డ కత్తిరించుకోవడమే. అనీసా అలాగే కత్తిరించింది. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేస్తే గుడ్డ లేత పసుపుకు తిరిగింది. ఇక కావలసింది నల్లరంగు. బెల్లం నీళ్లలో తుప్పు పట్టిన ఎద్దు లాడాలు వేసి పదిహేను రోజులు ఊరబెడితే గానీ అది తయారు కాదు. అనీసా గాదె వెనక చెయ్యి పెట్టి, ఊరిన ముంత బయటికి తీసింది. అంటే ఈ పోట్లాటకు ఆమె పదిహేను రోజుల ముందే, బెంగళూరాయన ఇంకా కారెక్కక ముందే, సిద్ధమై ఉందన్నమాట.

బుధవారం పొద్దున అద్దడానికి కూర్చుంది. తీగ అచ్చును రంగుపళ్లెంలో ఒత్తి, గుడ్డ మూలన ఆనించి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దింది. అచ్చు ఎత్తి చూస్తే గుడ్డ మీద ఏదో బూడిదరంగు మరక. ఆమె చూస్తుండగానే ఇనుపనీళ్లు కరక్కాయను పట్టుకుని ఆ మరక నల్లబడుతూ నల్లబడుతూ పువ్వూ ఆకూ తీగా అయింది. అనీసాకు ఒళ్లు పులకరించింది. తన చేత్తో వేసిన మొదటి పువ్వు అది.

అచ్చు పక్కన అచ్చు ఆనిస్తూ సాగింది. గుద్దు సరిగ్గా పడనప్పుడల్లా వసారాలోంచి దగ్గు వినిపించేది. మొదట ఆమె అది మామూలు దగ్గే అనుకుంది. తర్వాత అర్థమైంది, ముసలాయన చెవులతోనే ఆ గుడ్డను చూస్తున్నాడని. గుద్దు సరిచేసుకుంది. దగ్గు ఆగిపోయింది. ఒక మూల తిరిగింది, రెండో మూల తిరిగింది, మూడోదీ తిరిగింది. మధ్యాహ్నానికి నాలుగో మూల దగ్గరికి వచ్చింది.

అక్కడ ఆమె చెయ్యి ఆగిపోయింది. చివరి పువ్వుకూ మొదటి పువ్వుకూ మధ్య రెండు వేళ్ల సందు. ఇంకో అచ్చు వేద్దామంటే పట్టదు, వదిలేద్దామంటే పసుపు గుడ్డ వెక్కిరిస్తున్నట్టు కనిపిస్తోంది. మళ్లీ కొలిచింది. ముడులు మళ్లీ లెక్కపెట్టింది. లెక్క సరిగ్గానే ఉంది, సందు మాత్రం అలాగే ఉంది. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

మొక్కు గుడ్డ ఎంతవరకు వచ్చిందో చూద్దామని వచ్చిన తిప్పమ్మ ఆ సందు చూసి పెదవి విరిచింది. "ఇంతేనా? దానికి ఏడుపెందుకుమ్మే? ఆ మూల లోపలికి మడిచి కడతా. ఎవురు చూస్తారు?"

"మా మామ చూస్తాడు."

"ఆయప్పకు చూపియ్యకు."

ఆ మాట అనీసాను ఒక్క క్షణం ఊరించింది. మడిచి చూపిస్తే అచ్చులు మిగులుతాయి. కానీ తొమ్మిదేళ్లు ఆ మనిషి పక్కన కూర్చుని ఆయన పని చూసింది. మడిచిన గుడ్డ ఆయన చేతికి ఇవ్వడానికి ఆమెకు మొహం చెల్లలేదు. రెండు చేతుల మీద గుడ్డ పరుచుకుని వసారాలోకి నడిచింది, తిప్పమ్మ వెనకే వచ్చింది.

"నాలుగో మూల కలవలేదు మామా" అంది.

లాల్ అహమ్మద్ గుడ్డను మంచం మీద పరిపించుకుని వేలితో తీగ వెంబడే తడుముతూ పోయాడు. సందు దగ్గర వేలు ఆగింది. "తాడు తే. అచ్చు తే" అన్నాడు. తెచ్చాక అచ్చును రెండు ముడుల మధ్య పెట్టి చూశాడు. ముడుల మధ్య దూరం కన్నా అచ్చు నూలుపోగంత తక్కువైంది. ఆయన మొహం పాలిపోయింది.

"తప్పు నీది కాదుమ్మా. చెక్క ఎండి కుంచించుకపోయినాది. ఎండాకాలం రాకముందే వీటికి చెనిక్కాయ నూనె పట్టియ్యల్ల. మూడేండ్లు నేను ముట్టుకోలేదు. చెయ్యి పోయినాదని వీటి మీద కోపం తీర్చుకుంటి. ఒగో అచ్చుకు నూలుపోగు తగ్గి, చివరికి వచ్చేసరికి ఇంత తేలినాది."

"ఎవురి తప్పయినా కలవలేదు కదా."

"అవ్... పాత దట్టీలు చూసినావు గదా. నాలుగో మూలన చిన్న మొగ్గ ఒగటి ఉంటాది. ఎందుకనుకుంటివి?"

అనీసా గుర్తు చేసుకుంది. ప్రతి దట్టీకీ ఉండేది, ఒక్క మూలనే. "అందానికనుకుంటి. పెట్టెలో ఆ అచ్చు కనపడలేదు, వదిలేస్తి."

"అందానికి కాదు. గుడ్డ సాగుతాది, చెయ్యి జారుతాది, ఎంత పనిమంతుడికైనా చివర్లో ఇంత సందు మిగులుతాది. దాన్ని పూడ్చేకి ఆ మొగ్గ. నా జన్మలో ఒక్క గుడ్డకైనా నాలుగు మూలలు కలిసింది లేదు. మా నాయనకూ కలవలేదు."

అనీసాకు ఒళ్లు మండింది. పన్నెండేళ్లలో మొదటిసారి మామ మీద గొంతెత్తింది. "మరి నన్నెట్ల కలపమంటివి? నీకే కానిది నాకు పందెం పెడితివా?"

"కాదని తెలిసే పెడితి" అన్నాడు లాల్ అహమ్మద్, కళ్లు దించుకుని. "ఈ పని నా చెయ్యితోనే పోవల్లనుకుంటి. పొద్దున్నించి నీ గుద్దు వింటాంటే నా చెయ్యే అద్దుతాండాదేమో అనిపించినాది. అందుకే ఇప్పుడు చెప్తాండా."

ఆయన ఎడమచెయ్యి బనియన్ లోపలి జేబులోకి వెళ్లింది. బొటనవేలంత అచ్చు ఒకటి బయటికి వచ్చింది. మొగ్గ అచ్చు. పెట్టెలోని పంతొమ్మిదీ తెల్లబారి ఉంటే, ఇదొక్కటే నూనె తాగి నల్లగా నిగనిగలాడుతోంది. మూడేళ్లుగా ఆయన దాన్ని ఎవరికీ చూపించకుండా తడుముకుంటూనే ఉన్నాడు. బెంగళూరాయనకు కూడా చూపించలేదు. అది చూడగానే అనీసా కోపం సగానికి సగం దిగిపోయింది.

"నా సందుకు ఒగ మొగ్గ సరిపోతాండె. నీ సందుకు రెండు పట్టల్ల" అన్నాడు. "రంగు తే."

మొదటి మొగ్గ ఆయనే వేశాడు, ఎడమచేత్తో. కాస్త వంకరగా పడింది. రెండో మొగ్గ అనీసా వేసింది. నేరుగా పడింది. ముగ్గురూ తలలు వంచి, అవి నల్లబడేదాకా చూశారు.

"ఊళ్లో అందరికీ ఒగటి, నాకు రెండు" అంది తిప్పమ్మ సంబరంగా. "గొర్రెలు యాభై గదా మరి."

తిప్పమ్మ వెళ్లిపోయాక లాల్ అహమ్మద్ అచ్చుల పెట్టె తన మంచం దగ్గరికి జరిపించుకున్నాడు. ఒక్కో అచ్చునూ తీసి తిప్పి చూసి, మళ్లీ గూట్లో పెట్టాడు. ఏమంటాడో తెలియక అనీసా గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆమెకు కావలసిన మాట ఆయన ఇంకా అనలేదు.

"అనీసా, ఇంట్లో చెనిక్కాయ నూనె ఎంతుండాది?"

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అయినా నోరు ఊరుకోలేదు. "నూనె రాస్తే గోడలకు మరకలయితాయంట గదా మామా?"

"గోడల సంగతి గోడలు గలాయప్ప చూసుకుంటాడు. నువ్వు డబ్బా తే."

"కూరకు చాలినంతే ఉండాది."

"అంతా తే."

పంతొమ్మిది అచ్చులూ ఉన్న నూనెంతా తాగేశాయి. ఆ పూట పొయ్యి మీద కూర ఎక్కలేదు. ఉత్త ఊరుమిండి పచ్చడితో సంగటి తిన్నారు, అందులో ఉప్పు కూడా తక్కువైంది. లాల్ అహమ్మద్ ఒక్క మాట అనలేదు.