ఊదా మందు

ఎలుకల బోనులు కడిగిన పుణ్యాన నాకు కాస్త శాస్త్రం తెలుసు. హైదరాబాదులో ఒక డాక్టరు దగ్గర రెండేళ్లు పనిచేశాను. ఆయన ఎలుకల నెత్తురులోకి నల్ల సిరా ఎక్కించేవాడు. తెల్లకణాలు ఆ సిరా రేణువులను మింగాలి. కానీ వాటంతట అవి పట్టుకోలేవు. నెత్తురు పైన తేరే నీటిలో, అదే సీరంలో, ఏదో పదార్థం ఉంటుంది. అది రేణువుకు అంటుకుంటేనే కణం నోరు తెరుస్తుంది.

"పోతుకు బొట్టు పెట్టినాకనే గద బలి, ఏసుపాదం!" అని నవ్వేవాడు.

ఒకరోజు సిరా మరీ ఎక్కువ ఎక్కించాడు. బొట్టుపెట్టే సరుకు అయిపోయింది. కణాలు పక్కనే ఉండి కూడా సిరాను ముట్టలేదు.

1949లో సూర్యాపేటలో ఒక చిన్న దవాఖానకు కాంపౌండరునయ్యాను. ఎదురుగా, కమ్యూనిస్టు దళాలను పట్టడానికి వేసిన పోలీసు క్యాంపు. దాని అధికారి అమీను వచ్చి, నా బల్ల మీద పుండ్లకు రాసే మందు సీసా చూపించాడు.

"తూటా గాయంతోని వచ్చినోనికి గీ ఊదా మందు రాయి. గేటు కాడ మేం సూసుకుంటం. రాయకపోతే నీ పెండ్లాం పిల్లలు మఠంపల్లిల ఉన్నరని యాదుంచుకో."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇరవై రోజులు మందుల గదిలోనే పడుకున్నాను, గేటు దాటనివ్వలేదు. ఇద్దరికి రాశాను. వాళ్లను లారీలో మిర్యాలగూడకు తీసుకుపోయారు. మళ్లీ వాళ్లను ఎవరూ చూడలేదు.

మూడోవాడు పెన్‌పహాడ్ బక్కయ్య. అతని భార్య గోపమ్మ పట్టుకొచ్చింది.

"మేకు దిగింది తమ్మీ."

పిక్కలో ఇటు నుంచి అటు రంధ్రం.

"మేకు గిట్ల పోతదా అక్కా?"

ఆమె కళ్లు సీసా మీదే ఉన్నాయి. "నీ కాళ్లు మొక్కుత. రాయకు."

రాయకపోతే గేటు దగ్గర కట్టు విప్పి చూస్తారు, అప్పుడు నా పిల్లలకూ ముప్పు. రాస్తే సరేసరి. అప్పుడే వరండాలో గజ్జితో గీక్కుంటున్న జనం కనబడ్డారు. డాక్టరు ఎక్కువగా ఎక్కించిన సిరా గుర్తొచ్చింది.

బక్కయ్యకు రాశాను. ఆ తర్వాత గజ్జికి రాశాను, గవదలకు రాశాను, పసిపిల్లల నోటిపూతకు రాశాను. గజ్జి ఉందని వచ్చిన ఇద్దరు జవాన్లకూ రాశాను.

"నాది మోకాలి నొప్పి కొడుకా, రంగెందుకు?" అంది పెంటమ్మవ్వ.

"రాయించుకో అవ్వా, పుణ్యముంటది."

అరవైమంది ఒక్కసారే గేటు మీదకు పోయారు. మొదట పదిమందిని పట్టారు. పిల్లలు ఏడ్చారు, పెంటమ్మవ్వ బూతులు లంకించుకుంది, లారీలో చోటు చాలలేదు. విసిగి అందరినీ వదిలేశారు. బక్కయ్య భార్య భుజం పట్టుకుని కుంటుతూ వెళ్లిపోయాడు. ఇరవై రోజుల తర్వాత మళ్లీ ఊపిరి పీల్చినట్టయింది నాకు.

సాయంత్రం అమీను వచ్చాడు. అరవలేదు. మోచేతుల దాకా ఊదాగా మారిన నా చేతులు చూశాడు.

"అందరికన్న నీకే బాగ అంటింది. లారీ ఎక్కు. రేపు కోదాడ నుంచి కొత్త కాంపౌండరు వస్తడు."

అప్పుడు గుర్తొచ్చింది. సిరా ఎక్కువైన ఆ రోజు డాక్టరు ఇంకో ఎలుక నుంచి తాజా సీరం తీసి ఎక్కించాడు. కణాలు మళ్లీ మింగడం మొదలుపెట్టాయి.