గోడలో దువ్వెన

మా ఇంటికి ఆనుకుని ఒక పాత చర్చి ఉంది. దానికిప్పుడు తలుపులు లేవు. పావురాలకు తలుపులతో పనేముంది. చర్చి వెనక సమాధుల తోట, తోట చుట్టూ మనిషెత్తు గోడ. ఆ పొద్దున మంచు దట్టంగా పట్టి, గోడ నేలను వదిలి పైకి తేలినట్టుంది. ఆ మంచులోంచి ముందు ఒక చక్రాల కుర్చీ వచ్చింది. తరువాత దాన్ని తోస్తున్న మనిషి కనిపించింది.

కుర్చీలో ఉన్నావిడకు ఎనభై అయిదేళ్లుంటాయి. తోస్తున్నది ఆమె కూతురు, నర్సు. వచ్చిన పని కూతురే చెప్పింది. పెద్దావిడకు డాక్టర్లు ఇక మందులు రాయడం మానేశారు. ఆమెకు మిగిలిన కోరిక ఒక్కటే, చిన్నప్పుడు పోయిన అక్క పక్కన పడుకోవాలని. ఆ అక్కకు రాయి వేయలేదు. చర్చి పుస్తకాలు చెదలు తిన్నాయి. చోటు చూపిస్తే పక్కనే తవ్వుకోమన్నాడు ఫాదర్. చూపించలేకపోతే రోడ్డవతల కొత్త స్థలమే. గుడ్డిగా తవ్వించి ఎవరి ఎముకలనో కదపలేనన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. ఇక్కడ గోతులు తవ్విన మనిషి కొడుకునని ఎవరో చెబితే నా దగ్గరికి వచ్చారు.

అవునన్నట్టు తల ఊపాను. నా భార్య అందుకుంది.

"నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయని ఈయన భయం. పెళ్లినాడు ఇష్టమేనా అని అడిగితే కూడా తలే ఊపాడు."

పెద్దావిడ నవ్వలేదు. నా వైపే చూస్తోంది.

"మీ నాన్న మా అమ్మని దువ్వెన అడిగాడు తమ్ముడూ," అంది.

నా చూపు గోడ మీదికి పోయింది.

మా నాన్నకు చదువు రాదు. రాయి వేయించలేని వాళ్లు వస్తే, పోయిన మనిషి వాడిన వస్తువు ఏదైనా తెమ్మనేవాడు. తలవైపు గోడ మీద పిడికెడు తడి సున్నం పెట్టి, ఆ వస్తువును అందులో అద్ది, తుడిచి తిరిగి ఇచ్చేసేవాడు. ఆ గుర్తుకు వీపు ఆనించి నిలబడి ముందుకు నాలుగడుగులు వేస్తే ఆ మనిషి సమాధి. ఆయన పుస్తకం ఆ గోడే.

నేను మూడో తరగతి దాకా చదివాను. తాపీపని నేర్చుకుని ఇరవై రెండో ఏట ఇంటికి వచ్చేసరికి, ఆ గోడ అమ్మవారు పోసిన ముఖంలా కనిపించింది. నాన్న పొరుగూరు వెళ్లాడు. ఆయన్ను మెప్పించాలని మూడు రోజుల్లో గోడంతా నున్నగా గచ్చు పూశాను. ఆయన వచ్చి గోడ మీద అరచెయ్యి వేసి ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచాడు. బాగా నున్నగా వచ్చిందిరా అన్నాడు. అంతే. తరువాత ఎవరు సమాధి వెతుక్కుంటూ వచ్చినా గుర్తులేదని చెప్పి పంపేవాడు. పోయేదాకా గోడ సంగతిలో నా పేరు ఎత్తలేదు. నాకు మాటలు తగ్గింది అప్పటి నుంచే.

పెద్దావిడ చెబుతూనే ఉంది. ఆ దువ్వెనకు మధ్యలో రెండు పళ్లు లేవట. విరిచింది తనేనట, అందుకు అక్క వీపు మీద ఒకటి ఇచ్చిందట. అది తిరిగి ఇంటికొచ్చాక ఎంత కడిగినా సందుల్లో సున్నం పోలేదట. అమ్మ దానితోనే తనకు తల దువ్వుతుంటే ఒళ్లోకి తెల్లగా సున్నం రాలుతుండేదట.

"అక్క పంపిస్తోందనుకునేదాన్ని," అంది.

"ఆ గోడ పూసింది నేనేనక్కా," అన్నాను.

నా భార్య చేతిలో గ్లాసు అక్కడే ఆగిపోయింది. యాభై ఏళ్ల కాపురంలో ఈ ముక్క ఆమెకూ చెప్పలేదు. పెద్దావిడ కాసేపు నన్ను ఎగాదిగా చూసింది.

"పూయడం వచ్చింది. తీయడం వచ్చా?"

ఉలి, సుత్తి తెచ్చాను. గోడ తడపకుండా పూస్తే పూత పట్టదు. తాపీపనిలో మొదటి ఏడాదే నేర్పే సంగతి. నాన్న రాకముందే ముగించాలన్న తొందరలో నేను తడపలేదు. అందుకే ఇప్పుడు ఉలి ఆనించగానే పూత పలకలు పలకలుగా చేతిలోకి వచ్చేసింది. మొదటి పలక తిప్పి చూశాను. దాని వీపు మీద తాళంచెవి ఉంది, ఉబ్బెత్తుగా, ఇప్పుడే అక్కడ పెట్టినట్టు. నాన్న గుంటల్లోకి నా గచ్చు దిగి, ఆ వస్తువుల ఆకారమే పోసుకుని గట్టిపడింది.

కూతురు పలకలను గడ్డి మీద వరసగా పేర్చింది. గరిటె, కత్తెర, గుర్రపు నాడా. కళ్లజోడు. వాడిన వస్తువంటూ ఏదీ లేని పసిబిడ్డకేమో, ఎవరిదో బొటనవేలు. మంచులో అవి తెల్లగా మెరుస్తుంటే, ఊరంతా సామాన్లు ఇక్కడ వదిలి ఇప్పుడే లోపలికి వెళ్లినట్టుంది.  నా భార్య కూడా వంగి పలకలు అందుకుంది.

ఎండ వచ్చే వేళకు దువ్వెన దొరికింది. మధ్యలో రెండు పళ్లు లేవు. పెద్దావిడ పలకను ఒళ్లో పెట్టించుకుని, ఆ ఖాళీలో వేలు పెట్టి చూసుకుంది. ఆ గుర్తున్న చోట నిలబడి నేను నాలుగడుగులు వేశాను. కుడివైపు మరొకరికి చాలినంత చోటుంది.

"నన్ను దింపండి," అంది.

వద్దన్నా వినలేదు. ముగ్గురం పట్టి గడ్డి మీద పడుకోబెట్టాం. కాళ్లు చాపి, పాదాలు ఒకసారి కదిపి చూసుకుంది.

"చాలు. మా అక్క ఉందే, దానికి చిన్నప్పుడు నిద్రలో తన్నే అలవాటు. కాస్త ఎడంగా తవ్వు తమ్ముడూ."

అంటూనే కళ్లు మూసింది. కూతురు గబుక్కున వంగి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, నేల మీద కూలబడి నవ్వింది. చిన్నగా గురక వినిపిస్తోంది. నా భార్య తన శాలువా తెచ్చి ఆమె మీద కప్పింది.

చోటు గుర్తు పెట్టాలి, ఫాదర్‌కు చూపించాలి. తల దగ్గర రెండు, పాదాల దగ్గర రెండు మేకులు పెట్టుకున్నాను. చప్పుడుకు లేస్తుందేమోనని సుత్తికి తువ్వాలు చుట్టి, ఒక్కొక్కటీ మెల్లగా దిగగొట్టాను.