వాన కోసం వేసిన గోడ

పదింటికల్లా ఊళ్ళవాళ్ళంతా వచ్చేస్తారు. చిత్రశాల అధికారి మొఖెతి తొమ్మిదిన్నరకే వార్నిష్ డబ్బా మూత తీయించాడు. ఆ వాసనకు లిమ్ఫో ముక్కు మూసుకుంది.

యూనివర్సిటీ వాళ్ళు ఏటా చుట్టుపక్కల కొండ ఊళ్ళ కోసం ఈ చిత్రశాలలో ప్రదర్శన పెడతారు. ఈసారి ముందుగోడను లిమ్ఫో అమ్మమ్మ మానాలెదికి అప్పగించారు. ముసలామె నాలుగు రోజులు పేడా మట్టీ కలిపి మెత్తి, తడి ఆరకముందే వేళ్ళతో దుక్కిచాళ్ళలా గీతలు గీసి, ఎర్రమన్ను అద్దింది. ఆఫ్రికాలోని ఈ లెసోతో దేశంలో ఆడవాళ్ళు పెళ్ళికీ పండక్కీ ఇళ్ళకు చేసే అలంకారమే అది. కరువొచ్చిన ఏడాది మాత్రం అది మొర. చనిపోయిన పెద్దలు చూసి మెచ్చితే వాన పంపి గోడను కడిగేస్తారు. గోడ కరగలేదంటే మొర వినలేదన్నమాట. జొన్నచేలు ఎండిపోయి ఇది రెండో ఏడు.

ఒప్పందం కాగితంలో నాలుగో వరుస: "గోడను శాశ్వతంగా భద్రపరుస్తాం." అమ్మమ్మకు చదువు రాదు. లిమ్ఫోయే చదివి వినిపించింది. ఆ ఒక్క వరుసా దాటేసింది. చిత్రశాల గుమ్మం మీద అమ్మమ్మ పేరు చూడాలని అంత ఆశ.

"ఏంటయ్యా ఆ కంపు?" అంది అమ్మమ్మ.

"వార్నిష్ అవ్వా," అన్నాడు మొఖెతి. "ఒక్క పూత పూస్తే నూరేళ్ళు వానకైనా చెక్కుచెదరదు. నీ మునిమనవలూ చూస్తారు."

"ఏం తిని చూస్తారు? వార్నిషా?"

పనివాళ్ళు గొల్లుమన్నారు. మొఖెతి కూడా నవ్వాడు. "కాగితంలో రాసే ఉంది కదవ్వా. వేలిముద్ర వేశావు."

"నా మనవరాలు చదివింది. అందులో ఆ మాట లేదు."

అందరి చూపులూ లిమ్ఫో మీద పడ్డాయి. బళ్ళో హాజరు పిలిచినా గొంతు పెగలని పిల్ల. చూసుకోలేదని ఒక్క అబద్ధం చెబితే గండం గడిచిపోతుంది. పనివాడు కుంచె ముంచాడు.

"ఉందమ్మమ్మా," అంది. "నేనే చదవలేదు. చదివితే నువ్వు ఒప్పుకోవని."

అమ్మమ్మ ఆమె వైపు నుంచి మొహం తిప్పుకుంది. భుజం మీది దుప్పటి తీసి మెట్టు మీద పెట్టి, గోడ దగ్గరికి నడిచి కింది మూలలో గోళ్ళు దించింది. మట్టి పెళ్ళలు రాలాయి.

"అవ్వా, ఆగు! ఆ గోడ మాది!"

"గోడ ఉంచుకో నాయనా. మట్టి మా వాగుది. పట్టుకుపోతాను."

ఇంకో పెళ్ళ ఊడింది. గేటు దగ్గర జనం మాటలు వినిపిస్తున్నాయి. మొఖెతి నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"మూత పెట్టేయండి," అన్నాడు పనివాళ్ళతో. జేబులోంచి ఒప్పందం కాగితమూ కలమూ తీసి, నిలబడే ఆ వరుస కొట్టేశాడు. "ఇలా వదిలేస్తే ఎన్నాళ్ళుంటుందవ్వా?"

"నన్నడిగితే ఎట్లా? పైవాళ్ళనడుగు."

పాడైన మూలను మళ్ళీ మెత్తడానికి అమ్మమ్మ మట్టి బొక్కెన దగ్గరికి లాక్కుంది. లిమ్ఫో నీళ్ళకు పరుగెత్తబోయింది.

"నువ్వొద్దు. అక్కడ కూర్చో. నీతో ఇంటికెళ్ళాక మాట్లాడతా."

లిమ్ఫో మెట్టు మీద కూర్చుంది. జనం లోపలికి వస్తూ గోడ ముందు ఆగుతున్నారు. అమ్మమ్మ చేతులు చకచకా ఆడుతున్నాయి. ఒక్కసారైనా ఇటు తిరగలేదు.