స్త్రీల వైపు జంపఖానా

నేను ఒక జంపఖానాని. నీలం చారలు, ఎర్ర అంచు. వరంగల్ కొత్తవాడలో ఒక మొగుడూ పెళ్ళాం ఒకే పలక మీద పక్కపక్కన కూర్చుని, ఇనుప పంజాతో కొట్టి కొట్టి నన్ను నేశారు. అంత గట్టిగా కొట్టబట్టే ఇన్నేళ్ళు ఇంతమంది మోకాళ్ళ బరువు మోశాను.

ఒక చిన్న ఊరి చర్చిలో స్త్రీల సమాజం వాళ్ళు వంటకు తీసిన బియ్యంలోంచి రోజూ పిడికెడు పక్కన పెట్టి, అవి అమ్మి నన్ను కొన్నారు. కుడివైపు, ఆడవాళ్ళ కోసం పరిచారు. ఎడమవైపు మగవాళ్ళకు పచ్చ జంపఖానా. మధ్యలో సన్నటి దారి. దేవుడి ముందు అందరూ ఒక్కటేనని పాస్టరుగారు ఆ దారిలోనే అటూ ఇటూ నడుస్తూ చెప్పేవారు. వినేవాళ్ళు ఆమేన్ అనేవారు, ఎవరి వైపు నుంచి వాళ్ళు.

బీడీలు చుట్టుకు బతికే సువార్తమ్మ పచ్చి బాలింతగా ఉన్నప్పుడే బిడ్డను తెచ్చి నా మీద పడుకోబెట్టింది. మొగుడు పోయాడు, ఆ ఒక్క పిల్లాడే ఆమె లోకం. పేరు సామ్యేలు. మగపిల్లలు కాస్త ఎదగగానే అటువైపు వెళ్ళి కూర్చోవాలి. వీడు మాత్రం ప్రతి ఆదివారం పాటల మధ్యలో పాకుతూ వచ్చి అమ్మ పక్కన చేరేవాడు. పెద్దలు చెవి పట్టుకుని తీసుకుపోయేవారు. చిన్నతనం అనుకున్నారు, అది చిన్నతనం కాదు. పదో తరగతి కాగానే ఇల్లు విడిచి పోయాడు.

చాలా ఏళ్ళకు ఆ బిడ్డ ఆడమనిషిగా తిరిగొచ్చింది. చీర, ముడి, ఎస్తేరు అని పేరు. సువార్తమ్మ వీధిలోనే నడక చూసి గుర్తుపట్టి, "బక్కగైనవ్ బిడ్డా" అందట. అంతకుమించి ఏమీ అడగలేదట.

ఆ ఆదివారం ఇద్దరూ కలిసి వచ్చారు. స్త్రీల సమాజం పెద్ద రాహేలమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది.

"ఏడ కూసుంటవ్? మొగోళ్ళ దిక్కు పోలేవు, మా దిక్కు రాలేవు."

"మా అమ్మ పక్కన, పెద్దమ్మా."

నా మీద కూర్చున్న ఆడవాళ్ళు చీర కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కున్నారు. ఎస్తేరు వెనక్కి తిరిగి వరండాలో కూర్చుంది. సువార్తమ్మ లేచి, గుమ్మం దగ్గర నా చివరి అంచు మీదికి జరిగి, చేయి గడప బయటికి చాపింది. అప్పట్నుంచీ ప్రతి ఆరాధనా ఆ తల్లీబిడ్డలకు గడపకు అటూ ఇటూనే.

పాస్టరుగారు ఎవరినీ నొప్పించలేని మనిషి. ఆ నెలంతా గొంతు బాగాలేదంటూ ఆ మాటే ఎత్తలేదు. చివరికి చుట్టుపక్కల చర్చిలన్నిటినీ చూసుకునే డయాసిస్ ఆఫీసుకు వెళ్ళి చెప్పుకున్నారు. వాళ్ళు కరుణామణి అనే పెద్దావిడను పంపారు. ఆమె కూడా పాస్టరే. బస్సు దిగి నేరుగా వచ్చి నా మీదే కూర్చుంది.

"నేను తీర్పు చెప్పడానికి రాలేదు. మీరు చెప్పండి, వింటాను."

"మీరు బస్సెక్కి పోతరు అమ్మగారూ," అంది రాహేలమ్మ. "రేపు మా ఆడపిల్లలకు సంబంధాలు చూడొచ్చినోళ్ళు అడిగితే మేం ఏం చెప్పాలె?"

కరుణామణి ఆ భయాన్ని కొట్టిపారేయలేదు. నెలనెలా వచ్చింది. ఇల్లిల్లూ తిరిగింది. ఒకసారి డాక్టరమ్మను వెంటబెట్టుకొచ్చి ఇలాంటి పిల్లల సంగతి వివరంగా చెప్పించింది. ఆరోజు వెనక వరసలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మా తమ్ముడు గూడ గిట్లనే పోయిండు. ఉన్నడో లేడో తెల్వదు" అంది. ముందు వరసల్లో వాళ్ళంతా ఆమె వైపు తిరిగి కూర్చున్నారు. మనుషులు మారడం మొదలుపెట్టేది అలాంటప్పుడే కాబోలు.

వెళ్ళేముందు ప్రతిసారీ కరుణామణి వరండాలో ఎస్తేరు పక్కన కూర్చునేది. "ఇంకొంచెం ఓపిక పట్టమ్మా. తొందరపెడితే సంఘం రెండు ముక్కలవుతుంది." ఎస్తేరు తలూపేది. వానాకాలం జల్లు కొడితే గోడవైపు జరిగి కూర్చునేది.

ఈలోపు పొగాకు దుమ్ము సువార్తమ్మ ఊపిరితిత్తుల్ని తినేసింది. చివరిసారి ఆటోలో తెచ్చి నా మీద పడుకోబెట్టారు. ఆ ఒళ్ళు ఎంత తేలికైపోయిందో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

"అమ్మగారూ, నా బిడ్డ లోపటికి ఎప్పుడొస్తది?"

"ఈస్టర్‌కి. తప్పకుండా వస్తుంది."

కరుణామణి ఆ మాట ఊరికే అనలేదు. ఈస్టర్‌కి వారం ముందు, మట్టల ఆదివారం నాడు, ఎస్తేరును లోపలికి రానివ్వడానికి సంఘమంతా కూర్చుని ఒప్పుకుంది. అందరికంటే ముందు చెయ్యెత్తింది రాహేలమ్మే. కానీ ఆ వారం తిరగకుండానే సువార్తమ్మ కన్నుమూసింది.

పెట్టెను మధ్య దారిలో ఉంచారు. ఎస్తేరు గుమ్మంలో నిలబడింది. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా లేచి చోటిచ్చారు. ఇంత ఖాళీగా నేనెప్పుడూ లేను.

"రా బిడ్డా, లోపటికి రా," అని పిలిచింది రాహేలమ్మ.

ఎస్తేరు ఆ ఖాళీని చూసింది, పెట్టెను చూసింది. "ఇప్పుడు ఎవ్వరి పక్కన కూసోవాలె పెద్దమ్మా?"

ఆమె నిలబడే ప్రార్థన విని, పెట్టె వెనకే నడిచి వెళ్ళిపోయింది.

సమాధి దగ్గర్నుంచి వచ్చాక వరండాలో కరుణామణి ఆమె చేతులు పట్టుకుంది. "ఓపిక పట్టమని చెప్పాను. ఆ ఓపిక ఖర్చంతా నీదీ, మీ అమ్మదీ. నాకేం పోయింది?"

"మీరన్న వచ్చిన్రు అమ్మగారూ," అంది ఎస్తేరు. ఆ సాయంత్రమే హనుమకొండ బస్సెక్కింది.

ఈస్టర్ వచ్చింది, పోయింది. తర్వాత పక్క ఊరి నుంచి ఒక తల్లి అలాంటి బిడ్డనే తీసుకొచ్చి నా మీద కూర్చోబెట్టింది. ఎవరూ కుచ్చిళ్ళు లాక్కోలేదు. డయాసిస్ సభల్లో మా సంఘాన్ని మెచ్చుకుంటారట. అప్పుడు కరుణామణి తల వంచుకుంటుందని పాస్టరుగారు చెప్పారు.

ఇప్పుడు చర్చిలో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఎవరెక్కడైనా కూర్చోవచ్చు. నేను వెనక గదిలో మడత మీద ఉన్నాను, చారలు వెలిసిపోయాయి. బుధవారం స్త్రీల ప్రార్థనకు మాత్రం ఇంకా పరుస్తారు. మొన్న ఆ ప్రార్థనలోనే రాహేలమ్మ చెప్పింది, తాను హనుమకొండ వెళ్ళి వచ్చానని. ఎస్తేరు అక్కడ కుట్టుమిషన్ పెట్టుకుందట. పెద్దమ్మా అంటూ ఎదురొచ్చి, కుర్చీ వేసి, టీ పెట్టిచ్చిందట.

"తప్పయింది బిడ్డా, మన చర్చికి ఒక్కసారన్న రా అని అడిగిన," అని రాహేలమ్మ కళ్ళు తుడుచుకుంది.

"ఏమన్నది?" అని అడిగారు అందరూ.

"టీ సల్లారుతాంది పెద్దమ్మా, తాగు అన్నది."