ఇనప పొయ్యికి మట్టి పూత

బొబ్బిలికి అవతల, చెరుకు బళ్లు తిరిగే దారిలో ఒక ఊరు. ఆ ఊళ్లో కూర్మమ్మ వంటింటి పొయ్యి మట్టిది. కాపురానికొచ్చిన ఏడు అత్తగారితో కలిసి వేసుకున్నది. అన్నం, గంజి, పశువుల కుడితి, ఇంటిల్లిపాదికీ వేన్నీళ్లు, అన్నీ దాని మీదే. గ్యాసు బండ ఉంది గానీ దాన్ని టీకీ పాలకీ దాచుకుంటారు. అయిపోతే మళ్లీ ఎప్పుడొస్తుందోనని కూర్మమ్మకి బెంగ. ఆవిడకి బెంగ లేని వస్తువంటూ లేదు.

ఆ పొయ్యి పొగే కోడల్ని కన్నవారింటికి పంపింది. మనవరాలు భరణికి మూడేళ్లు. వానలు పట్టి, తడికట్టెలు మంటెట్టి, తలుపులు మూసుకున్న రోజుల్లో పిల్లకి దగ్గు పట్టుకుంది. మందులతో తగ్గడం, ఇంటికి రాగానే తిరగబెట్టడం. ఇంట్లో పొగ ఆగితే గానీ ఇది ఆగదన్నాడు డాక్టరు. కోడలు శైలజ పిల్లని చంకనేసుకుని రాజాం వెళ్లిపోయింది. వెళ్తూ గుమ్మంలో, "పొగ పోయిందని కబురెట్టు అత్తా. అందాకా ఈ గుంటని ఈ ఇంట్లో పడుకోబెట్టను" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండునని కూర్మమ్మకి తర్వాత అనిపించింది. కోపం చల్లారుతుంది. నిదానంగా అన్న మాట చల్లారదు.

కూర్మమ్మ తల్లి ఆస్పత్రికని బండెక్కి తిరిగి రాలేదు. అన్న కొత్తవలసలో కిరండూలు రైలెక్కి గనుల్లో పనికి పోయి అక్కడే ఉండిపోయాడు. వీధిలో బస్సు ఆగితే ఎవరు దిగారో చూడదు కూర్మమ్మ, ఎవరు ఎక్కుతున్నారో చూస్తుంది.

అందుకే పంచాయతీ ఆఫీసు దగ్గర పొగ తక్కువ వచ్చే పొయ్యిలు ఊరికే ఇస్తున్నారని పొరుగింటి చిన్నతల్లి చెప్పగానే అందరికంటే ముందు పోయి నిలబడింది. బకెట్టంత ఇనప పొయ్యి. ఇచ్చినావిడ ఏవో చెప్పింది. పుల్లలు చిన్నవి కొట్టుకోవాలంది, గాలి ఆడాలంది. కూర్మమ్మ తల ఊపింది గానీ మనసప్పటికే రాజాంలో ఉంది. అక్కణ్ణుంచే కొడుక్కి ఫోను చేయించింది. "ఒరే గిరిబాబూ, ఎల్లుండి ఆళ్లిద్దర్నీ తీసుకొచ్చీరా."

ఇంటికి తెచ్చి చూసుకుంటే పొయ్యి బోసిగా ఉంది. మట్టీ పేడా తగలని పొయ్యి మీద తొలి ఎసరు పెట్టడం ఆవిడ ఎరగదు. పైగా ఇనుము. భరణి పరుగెత్తుకొచ్చి చెయ్యి వేస్తే? ఆ ఊహకే ఆవిడ అరచెయ్యి చురుక్కుమంది. ఎర్రమట్టిలో పేడా ఊకా కలిపి, వేలెడు మందాన, పైనుంచి కిందిదాకా చుట్టూ మెత్తింది. అడుగున వరసగా బెజ్జాలుంటే, బొద్దింకలు దూరతాయని వాటినీ శుభ్రంగా పూడ్చేసింది. పైపైన ఆరాక అలికి, పసుపు రాసి, బొట్లు పెట్టి, ముగ్గు వేసింది. పేరంటానికి బయల్దేరిన మనిషిలా తయారైంది పొయ్యి.

అనుకున్న రోజు పొద్దు వాలుతుండగా గిరిబాబు పెళ్లాన్నీ పిల్లనీ బండి మీద తీసుకొచ్చాడు. శైలజ సంచి లోపలికి తేలేదు, అరుగు మీదే పెట్టింది.

"రా తల్లీ, సూడు. నీ కోసమే ఎలిగించకుండా అట్టేపెట్టినాను" అని కూర్మమ్మ పుల్లలు పెట్టి అంటించింది.

మొదట సన్నగా, తర్వాత ముద్దలు ముద్దలుగా పొగ. పాత పొయ్యి కూడా ఏనాడూ అంత పొగ కక్కలేదు. మంట ఒకసారి లేచి, చతికిలబడిపోయింది. భరణి దగ్గు అందుకుంది. శైలజ పిల్లని ఎత్తుకుని అరుగు మీదకి పోయింది.

"ఊరికే ఇచ్చినియ్యి ఇలాగే ఉంటాయి. డొక్కు సరుకు" అన్నాడు గిరిబాబు కళ్లు నులుముకుంటూ.

"ఉండరా, ఊదుతాను" అని గొట్టం తీసింది కూర్మమ్మ. ఊదేకొద్దీ పొగే.

అరుగు మీంచి శైలజ గొంతు వినబడింది. "బావా, బండి తియ్యి. సీకటడితే గుంటకి మంచు తగుల్తాది."

కూర్మమ్మ గొట్టం పక్కన పడేసింది. "ఒక్క చిటికె ఆగండి" అని అరిచి, పెరటి గోడ దగ్గరికి పోయింది. గోడకి అవతల చిన్నతల్లి అలాంటి పొయ్యి మీదే చోడంబలి కాస్తోంది. పొగ జాడ లేదు.

"ఒసే చిన్నతల్లీ, నీ పొయ్యికి ఏటి సేసినావే?"

"ఏటి సేస్తాను? నిప్పెట్టినాను."

"పుయ్యనేదా?"

"ఇనప దానికి పూతేటి ఒదినా?" చిన్నతల్లి మునివేళ్ల మీద లేచి, తెరిచిన తలుపులోంచి కూర్మమ్మ పొయ్యిని చూసి పకపకా నవ్వింది. "ఓలమ్మ! బొట్లు కూడానా! కోకొక్కటే తక్కువ దానికి!"

కూర్మమ్మకి నవ్వు రాలేదు. ఆవిడ చూపు చిన్నతల్లి పొయ్యి అడుగున ఉంది. బెజ్జాల వరసలో ఎర్రగా నిప్పు. గాలి వీచినప్పుడల్లా అది ఇంకొంచెం ఎర్రబడుతోంది. తను బొద్దింకలకని మూసినవి అవే. జలుబుతో ముక్కులు బిగిసిన రాత్రుళ్లు భరణి నోరు తెరుచుకుని ఎంత అవస్థ పడేదో గుర్తొచ్చి, ఆవిడ గబగబా వెనక్కి నడిచింది.

కట్టెలు బయటికి లాగి, నీళ్లు చిలకరించి, పాత గొడుగు పుల్లతో ఒక్కో బెజ్జాన్నీ పొడవసాగింది. మట్టి లోపల ఇంకా పచ్చిగానే ఉంది. శైలజ గుమ్మంలోకి వచ్చింది.

"ఏటత్తా అది?"

"నానే మూసినానమ్మా. గుంట సెయ్యి కాల్తాదని మట్టెట్టినాను. దాని ఊపిరి కూడా మూసీసినాను."

శైలజ కొంగు దోపుకుని పక్కన కూర్చుని, అవతలి వైపు బెజ్జాలు తను తెరిచింది. కూర్మమ్మ పైనున్న మట్టి కూడా రాల్చబోతే చెయ్యి పట్టుకుంది. "అది ఉండనీ. కాలదు కదా."

రెండోసారి అంటించినప్పుడు కాస్త పొగ లేచి, మంట అందుకోగానే పోయింది. భరణి గుమ్మం దాకా వచ్చి తొంగిచూసింది. పెద్దవాళ్లు ముగ్గురూ మాటలాపి పిల్ల ఊపిరినే విన్నారు. ఎసరు మరిగింది. దగ్గు రాలేదు.

"మరి పాతది?" అంది శైలజ. "అదుంటే వానొచ్చిన రోజు మళ్లీ దాని దగ్గరకే పోతావు."

కూర్మమ్మ పాత పొయ్యి వైపు చూసింది. అత్తగారు పోయినా ఆవిడ చేతి పని ఇంట్లో మిగిలింది అదొక్కటే. "గునపం తేరా" అంది కొడుకుతో. నాలుగు పోట్లకి పొయ్యి పెళ్లలు పెళ్లలుగా విడిపోయింది. పొద్దుటి వంట వేడి ఆ పెళ్లల్లో ఇంకా ఉంది. అత్తా కోడళ్లు వాటిని గంపకెత్తి పెరట్లో పోశారు.

చేతులు కడుక్కుంటూ శైలజ అంది. "నెల్లాళ్లు సూస్తానత్తా. దగ్గు రాకపోతే ఉంటాను. వచ్చిందా, నువ్వే మమ్మల్ని బస్సెక్కించాలి. ఏడవకూడదు."

కూర్మమ్మ జన్మలో ఎవర్నీ బస్సెక్కించడానికి పోలేదు. తలుపు చాటున నిలబడే మనిషి.

"ఎక్కిస్తాను" అంది.

ఇంట్లో ఉన్న కట్టెలన్నీ పాత పొయ్యికి కొట్టినవి, మూరెడేసి పొడుగు. రేపటి వేన్నీళ్లకి చిన్నవి కావాలి. కత్తి పట్టుకుని పెరట్లో కూర్చుని జానెడేసి ముక్కలుగా నరకడం మొదలెట్టింది. పొడివి ఒక పక్కన, పచ్చివి ఒక పక్కన వేసింది. పచ్చిది ఒక్కటి కూడా పొరపాటున లోపలికి పోకూడదని ఒక్కో ముక్కనీ చెంపకి ఆనించి చూసుకుంది.