ఒక్క పేరు జాబితా

దామోదరం కీబోర్డును తలకిందులు చేసి రెండుసార్లు తట్టాడు. నిన్నటి కారప్పూస నలుసులు కాగితం మీద రాలాయి. కాగితాన్ని మడిచి బుట్టలో వేసి, కళ్లజోడు చొక్కా అంచుతో తుడుచుకుని, కుర్చీని తన నడుముకు సరిపడా దించుకున్నాడు. తిరుపతిలో లీలామహల్ సెంటరుకు దగ్గర్లో, మందుల షాపు మీది అంతస్తులో ఉన్న ఆ ఆఫీసులో పదకొండేళ్లుగా అతని పొద్దు ఇలాగే మొదలవుతుంది. వయసు యాభై మూడు. ముందుకు వంగిన భుజాలు, చెవుల మీద మాత్రమే మిగిలిన జుట్టు, ఎప్పుడూ శుభ్రంగా ఉండే గోళ్లు. ప్రమోషను అడగాలని ఏటా అనుకుంటాడు, ఏటా మర్చిపోతాడు. అడగడం చేతకాకే మర్చిపోతాడని ఆఫీసులో అందరికీ తెలుసు.

అతని పని జాబితాలు పంపడం. పలమనేరు వైపు ఒక డెయిరీకి పల్లెపల్లెనా పాలకేంద్రాలున్నాయి. రెండు పూటలా కేంద్రంలోని ఫోను, ఇక్కడ పాలు పోసేవాళ్లు ఎవరని ఇంటర్నెట్టులో అడుగుతుంది. దామోదరం రాసిన సర్వీసు, అంటే ఆఫీసు కంప్యూటరులో నడిచే ప్రోగ్రాము, జవాబుగా ఆ ఊరి రైతుల జాబితా పంపుతుంది. పైన ఇది రైతుల జాబితా అని ఉండాలి, లోపల రైతులే ఉండాలి, ఒక్కొక్కరికీ పేరూ నంబరూ ఉండాలి. ఫోనులో పేరు కనిపిస్తేనే పాలు కొలుస్తారు. కనిపించకపోతే వచ్చిన పాలు వచ్చినట్టే వెనక్కి.

ఫిర్యాదులు చూసే అమల వచ్చి, ఎగువ కొత్తిండ్ల కేంద్రంలో పాలు కొలిచే జోయల్ మళ్లీ ఫోను చేశాడని చెప్పింది. సిద్ధమ్మ అనే ముసలామె పేరు కనిపించక ఇది నాలుగో రోజు. సోమవారం ఈ మాట వచ్చినప్పుడు దామోదరం, యాప్ తీసేసి మళ్లీ ఎక్కించుకోమని చెప్పి చేతులు దులుపుకున్నాడు. మంగళవారమూ అదే చెప్పాడు. బుధవారం వేరే పనిలో పడ్డాడు.

"ఆడ మిగతావాళ్ల పేర్లు వస్తుండాయా?" అని అడిగాడు.

"మిగతావాళ్లు యాడుండారు సార్? ఆదివారం చెంగయ్య గూడా వేరే డెయిరీ బండికి మారిపోయినాడంట. ఇప్పుడా కేంద్రానికి ఆమె ఒక్కతే."

దామోదరం చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది. తప్పెక్కడుందో తెరిచి చూడకముందే తెలిసిపోయింది.

ఆరేళ్ల కిందట ఆ సర్వీసు రాసింది అతనే. ఇద్దరు ముగ్గురుంటే జాబితాగా పంపు, ఒక్కరే ఉంటే ఆ ఒక్కరినే విడిగా పంపు అని రాశాడు. ఒక్కరికి జాబితా ఎందుకని ఆరోజు అదో తెలివిగా అనిపించింది. ఒక్కరే పాలు పోసే ఊరుంటుందని ఎవరికి తడుతుంది? ఫోనేమో జాబితా కోసమే చూస్తుంది. విడిగా వచ్చిన మనిషిని గుర్తుపట్టలేక, ఎవరూ లేరని చూపిస్తుంది.

ముప్పై ఏళ్ల కిందట కార్వేటినగరంలో రోజుకూలీ టైపిస్టుగా అతను రేషన్ జాబితాలు కొట్టేవాడు. ఒక్క కార్డే ఉన్న వీధికి కూడా శీర్షిక కొట్టి, ఒకటో నంబరు వేసి, ఆ తర్వాతే పేరు. కార్డులే లేని వీధికైనా శీర్షిక పెట్టి కింద 'లేరు' అని కొట్టాల్సిందే. హెడ్ గుమాస్తా చంద్రకాంతమ్మ ఇంకోలా ఒప్పుకునేది కాదు. అంత పద్ధతిగా నేర్చుకున్నవాడు ఇలా రాసినందుకు సిగ్గుపడ్డాడు. పైగా అతనూ ఒంటి మనిషే. చెల్లెళ్ల పెళ్లిళ్లు కానీ అంటూ తన పెళ్లి వాయిదా వేస్తూ పోతే, చివరికి ఆ మాట ఎత్తేవాళ్లే లేకుండా పోయారు. ఇప్పుడు అతని రేషన్ కార్డులోనూ ఉన్నది ఒక్క పేరే.

సరిచేయడానికి అరగంట పట్టింది. ముగ్గురితో, ఒక్కరితో, ఎవరూ లేకుండా నడిపి చూశాడు. అన్నిసార్లూ జాబితాయే వచ్చింది. కానీ మార్పులన్నీ శనివారమే పంపాలన్నది ఆఫీసు నియమం. అతను లేచి మేనేజరు బాలచంద్ర గదికి వెళ్లి, ఇది ఇవాళే పంపాలని అడిగాడు. పదకొండేళ్లలో దామోదరం ఏదైనా అడగడం అదే మొదలు. బాలచంద్ర ఆశ్చర్యంతోనే సరే అన్నాడు. మూడింటికల్లా మార్పు వెళ్లిపోయింది. జోయల్‌కు ఆ మాట చెబుదామంటే ఫోను కలవలేదు. మధ్యాహ్నం కేంద్రం మూసుంటుంది, అతని పొలంలో సిగ్నలుండదు.

సాయంత్రం పాల వేళ దాటాక దామోదరం మళ్లీ చేశాడు.

"పేరు బాగా వచ్చింది సార్," అన్నాడు జోయల్. "ఆమే రాలేదు."

నాలుగు రోజుల పాలు దూడకూ ఇరుగుపొరుగుకూ పోయాయట. ఆ వేరే డెయిరీ బండి మెయిన్ రోడ్డు దగ్గరే ఆగుతుంది, ఆమె మోకాళ్లు అంత దూరం నడవనివ్వవు. ఇవాళ పొద్దున బేరగాడు వచ్చి ఆవునూ దూడనూ తోలుకుపోయాడు. ఆమె తడ ఊళ్లో ఉన్న కూతురి దగ్గరికి మధ్యాహ్నం బస్సెక్కింది.

"పోతా పోతా నా కాడికొచ్చింది సార్. నా పేరే లేదంటే ఆవును పెట్టుకోని నేనేం చేసేదప్పా అనింది. కోపంగా గూడా అనలేదు."

"తప్పు నాది జోయల్. మీ ఫోనుది కాదు," అన్నాడు దామోదరం.

జోయల్ అప్పటికే ఆమె పేరు తీసేశాడు. దామోదరం తెర మీద ఆ కేంద్రాన్ని తెరిచి చూశాడు. రైతులు అని శీర్షిక వచ్చింది, దాని కింద పేరేదీ లేని ఖాళీ బ్రాకెట్లు. పద్ధతి ప్రకారం అందులో ఏ తప్పూ లేదు. చూస్తుంటే అతనికి ఏడుపొచ్చింది. కంప్యూటరు ఆపి, మెట్లు దిగి, బస్సు కోసం నిలబడ్డాడు.

అక్కడుండగా జోయల్ నుంచి ఒక ఫోటో వచ్చింది. దీన్ని ఎవరికివ్వాలి సార్ అని కింద రాశాడు. కేంద్రం మెట్టు మీద ఒక అల్యూమినియం క్యాను, శుభ్రంగా కడిగి బోర్లించి ఉంది. దాని అడుగున ఎర్ర రంగుతో, వంకర అక్షరాల్లో, సిద్ధమ్మ.