కింద పట్టుకున్నవాడు

అద్దాలాయనకి కోపం ముక్కు మీదే ఉంటుంది. అది రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు గానీ, ఆ రోజు మాత్రం కారణం పక్క కుర్చీలోనే కాలు మీద కాలేసుకుని కూర్చుంది. స్వయానా బావమరిది, పెళ్ళాం తమ్ముడు.

గజ్జల్లో ఉబ్బు అద్దాలాయనది. నొప్పి అద్దాలాయనది. డాక్టరమ్మ అడిగేవాటికి జవాబులు మాత్రం బావమరిదివి. దగ్గితే పెరుగుతుందా అని ఆవిడ అడిగితే వీడు తలూపాడు. పడుకుంటే లోపలికి పోతుందా అంటే, మెల్లగా నొక్కితే పోతుందండీ అన్నాడు. తను నొక్కుకుంటుంటే వీడెప్పుడు చూసి చచ్చాడు? అద్దాలాయన పళ్ళు కొరికాడు గానీ, పరాయిచోటు కదా అని తమాయించుకున్నాడు.

ఇద్దరూ అద్దాల దుకాణంలో జోడీ. తలుపంత అద్దాన్ని నిలువుగా పట్టుకుని మేడ మెట్లెక్కించి కిటికీలకి బిగించే పని. మెట్ల మీద ఒకడు పైన, ఒకడు కింద. బరువు కిందవాడి మీదే పడుతుంది. అందుకని మలుపు వచ్చినప్పుడల్లా అద్దాన్ని గోడకి ఆనించి చోట్లు మారడం మొదట్నించీ వాళ్ళ పద్ధతి. రెండేళ్ళుగా ఆ పద్ధతి అటకెక్కింది. బావమరిదికి మోకాలు నొప్పట, కింద పట్టలేడట. ఇంటి పిల్లాడు కదా, పోనీలే అని అద్దాలాయనే కింద పట్టాడు. అద్దంలోంచి చూస్తే పైన వాడి మొహం చెమటలు కక్కుతూ కనబడేది. తేలిక వైపు పట్టుకుని మళ్ళీ ఈ నటనొకటి అని లోపల్లోపల తిట్టుకునేవాడు.

ఈ హెర్నియా సంగతి బయటపడ్డాక ఊళ్ళో ప్రతివాడూ డాక్టరైపోయాడు. కత్తి మాటెత్తితే భార్యకి కళ్ళనీళ్ళు, ఉబ్బు మీద బెల్టు కట్టుకుని నెట్టుకురమ్మంటుంది. దుకాణం యజమాని ఏదో ఒకటి చప్పున కానిచ్చుకుని రమ్మంటాడు. ఇక బావమరిది చెవిలో జోరీగే. చిన్న రంధ్రాల ఆపరేషన్ చేయించుకో బావా, అదే మంచిది బావా. అన్నం దగ్గర అదే పాట, బండి మీద అదే పాట. మళ్ళీ అద్దం మొయ్యగలనా లేదా అని అద్దాలాయనకి కంటి మీద కునుకు లేదు. నీకేం కావాలయ్యా అని అడిగిన పాపాన మాత్రం ఒక్కరూ పోలేదు.

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. పొట్ట గోడ ఒకచోట పలచబడి, లోపలి పేగు అక్కణ్ణుంచి తోసుకొస్తోంది. ఒక దారి, గజ్జ దగ్గర కోసి, లోపలికి నెట్టి, పైన మెష్ అనే వల వేసి కుట్టడం. నడుము కింద మాత్రమే మత్తిస్తారు, మనిషి మెలకువగానే ఉంటాడు. రెండోది, మూడు చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసేది. వల ఇందులోనూ వేస్తారు. నొప్పి తక్కువ, త్వరగా తిరగొచ్చు, కానీ పూర్తిగా మత్తు ఇవ్వాలి. ఒకవైపే, అదీ మొదటిసారి కాబట్టి ఈయనకి ఏదైనా పనికొస్తుందట. ఏమీ చేయకుండా కొన్నాళ్ళు కనిపెట్టి చూసేవాళ్ళూ ఉంటారు గానీ, నొప్పి ఉండి బరువులెత్తేవాడికి ఆ సలహా ఇవ్వనంది.

"రంధ్రాలదే రాసెయ్యండి మేడమ్," అన్నాడు బావమరిది.

అద్దాలాయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. వీడు సంతకం కూడా పెట్టేసేలా ఉన్నాడు. వాణ్ణి మోచేత్తో పక్కకి నెట్టి, తను మళ్ళీ అద్దం మోస్తాడా అని తనే అడిగాడు. మోస్తాడంది డాక్టరమ్మ. ఏది చేయించుకున్నా కొన్ని వారాలు బరువు జోలికి పోకూడదు, ఆ తర్వాత కూడా బరువంతా ఒక్కడి మీదే పడే పని తగ్గించుకోవాలంది. అద్దాలాయనకి ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులో భార్య అడగమన్న మాటా అడిగేశాడు, బెల్టుతో సరిపోదా అని.

డాక్టరమ్మ నోరు తెరిచేలోపే బావమరిది అందుకున్నాడు. "అది పడుకుని ఉన్నప్పుడే కట్టుకోవాలి బావా. లేచాక కడితే బయటికొచ్చినదాన్నే నొక్కేస్తుంది. ప్రాణం పోతుంది."

అద్దాలాయన ఇంట్లో బెల్టన్నదే లేదు.

"నీకెలా తెలుసురా?"

ఎవరో అన్నారని నీళ్ళు నమిలాడు. డాక్టరమ్మ ఇంకేమీ అడక్కుండా వాణ్ణి బల్ల మీద పడుకోమని తెర లాగింది. కాసేపటికి ఇవతలికొచ్చి, ఇతనికీ హెర్నియా ఉంది, బావదాని కన్నా పెద్దదంది. పాతది, ఇప్పుడు పూర్తిగా లోపలికి పోవడం లేదు, ఈ వారం దాటించొద్దు, నొప్పి పెరిగినా వాంతులైనా ఆ క్షణమే రావాలి అని మరీమరీ చెప్పింది.

అంటే మోకాలు లేదు, మన్నూ లేదు. రెండేళ్ళుగా వాడి జబ్బు బరువు కూడా తన గజ్జల మీదే పడింది. ముందే చెప్పుంటే మూడో మనిషిని అడిగేవాళ్ళు కాదూ? చెబితే యజమాని పనిలోంచి తీసేస్తాడని భయపడ్డాడట. సరే, అది భయం. మరి ఈ రంధ్రాల పాటెందుకు పాడావురా అని నిలదీశాడు.

బావమరిది చొక్కా బొత్తాం సరిగ్గా పెట్టుకోలేక తడబడుతున్నాడు. "ముందు నీకు చేస్తే, ఎలా ఉంటుందో చూసి, తర్వాత నేనూ చేయించుకుందామని..."

అద్దాలాయన చెయ్యి లేచింది. డాక్టరమ్మ ఉందని దించాడు.

"నన్ను కోయించి చూద్దామనుకున్నావు. కూర రుచి చూసినట్టు."

అద్దాలాయన డాక్టరమ్మ వైపు తిరిగాడు. ఈసారి మాట తనదే. "ముందు వీడిది చూడండి. వీడికేది మంచిదో వీడికే చెప్పండి. నాకు మాత్రం మెలకువగా ఉండేదే చెయ్యండి. ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకునే నమ్మాను, ఇక చాలు."

పరీక్షలు కింద అంతస్తులో. లిఫ్ట్ ముందు జనం కిక్కిరిసి ఉంటే మెట్లు పట్టారు. అద్దాలాయన విసవిసా దిగిపోతున్నాడు. సిగ్గులేదా, మీ అక్కకి ఏం మొహం చూపిస్తావురా అని తిడుతూనే ఉన్నాడు. మొదటి మలుపులో వెనక అడుగుల చప్పుడు ఆగింది. బావమరిది గజ్జ పట్టుకుని గోడకి జారగిలబడ్డాడు.

నొప్పి పెరిగిందా అని అరిచాడు అద్దాలాయన. లేదు, మెట్లు దిగితే ఎప్పుడూ ఇంతే అన్నాడు వాడు. ఎప్పుడూ ఇంతేనట! మళ్ళీ ఒళ్ళు మండిపోయింది. అయినా వెనక్కెక్కి, వాడికి రెండు మెట్లు దిగువన నిలబడి, వాడి రెండు మోచేతులూ పట్టుకున్నాడు. వాడి బరువు మీద పడగానే తన గజ్జల్లో కలుక్కుమంది.

"ఇదే ఆఖరు. ఆపరేషన్ గాయాలు మానాక అద్దాన్ని కింద పట్టేది నువ్వే," అన్నాడు.

వాడు తలూపాడు. ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ, వాడి మొహంలోకి చూసి తిడుతూనే, అద్దాలాయన వెనక్కి వెనక్కి దిగాడు.